ఫైలు ఎందుకు ఆగిందో ఒకసారి మమ్మల్ని కూడా అడగండి

విశ్వవిద్యాలయాల వైస్ చాన్సలర్లకు, రిజిస్ట్రార్లకు, పాలకమండలి సభ్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులకు నమస్కారం.

నేను ఒక విశ్వవిద్యాలయ పరిపాలనా విభాగంలో 22 ఏళ్ళుగా పనిచేస్తున్నాను. క్లర్కుగా చేరాను, సెక్షన్ సూపరింటెండెంటునయ్యాను, ఇప్పుడు అసిస్టెంట్ రిజిస్ట్రార్‌ని. అడ్మిషన్లు, పరీక్షలు, ఎస్టాబ్లిష్‌మెంట్, అకౌంట్స్ అన్నిచోట్లా కూర్చున్నాను. మీలో నిజాయితీగా పనిచేసేవాళ్ళు చాలామంది ఉన్నారని దగ్గరనుంచి చూసి చెబుతున్నాను. ఆ గౌరవంతోనే ఈ లేఖ.

బహిరంగంగా ఎందుకు రాయాల్సివచ్చిందో ముందు చెప్పాలి. మా ఆఫీసులో పని వాతావరణం గురించి 17 మందిమి సంతకాలు పెట్టి ఒక వినతిపత్రం ఇచ్చాం. ఇన్‌వర్డ్ నంబరు వేయించుకున్నాం. నాలుగు నెలలకు "పరిశీలనలో ఉంది" అని ఒక్క ముక్క వచ్చింది. రెండోసారి ఇచ్చినదానికి ఆ ముక్క కూడా రాలేదు. మూడోసారి ముగ్గురం వెళ్ళి అధికారిని కలిశాం. కూర్చోమనలేదు. నిలబెట్టే చెప్పారు: "పని చేయనివాళ్ళకే వాతావరణం గుర్తొస్తుంది." మాతో వచ్చిన ఒకావిడ మరుసటి వారం తన సంతకం వెనక్కి తీసుకుంది. ఆవిడకు రిటైర్మెంట్ ఇంకో ఏడాదే ఉంది. ఆవిడను నేను తప్పుపట్టను.

ఆ ఒక్క మాటకు జవాబే ఈ లేఖ. ఆ మాట అన్నది ఒకరే కావచ్చు, అనుకునేవాళ్ళు చాలామంది.

ఒక ఫైలు సంగతి చెబుతాను. ఒక విద్యార్థిని పట్టా మీద ఇంటిపేరులో ఒక అక్షరం ఎగిరిపోయింది. అడ్మిషన్ ఫారంలో పేరు సరిగ్గానే ఉంది, స్కూలు సర్టిఫికెట్లో సరిగ్గానే ఉంది, మేమే ఇచ్చిన మార్కుల జాబితాల్లోనూ సరిగ్గానే ఉంది. రికార్డు తీసి చూసి, సరిచేసి, మళ్ళీ ప్రింటు ఇవ్వడానికి పావుగంట చాలు. ఆ ఫైలు 9 బల్లలు తిరిగింది. 41 రోజులు పట్టింది. తర్వాత ఒకరోజు ఆ నోట్ షీటు ముందేసుకుని మొత్తం చదివాను. మొదటి బల్ల: "పరిశీలించి సమర్పించడమైనది." రెండో బల్ల: "ఆదేశాల నిమిత్తం." మూడోది: "మాట్లాడండి." ఎవరితో, ఏం మాట్లాడాలో లేదు. నాలుగోది: "చర్చించడమైనది. పైవారి ఆదేశాల నిమిత్తం." ఐదో బల్ల దగ్గర, ఇలాంటి పాత సందర్భాలు ఏమైనా ఉన్నాయేమో చూడమని ఫైలు మళ్ళీ కిందికి వచ్చింది. ఇక మిగతావన్నీ అదే వరస. 9 సంతకాల్లో ఒక్కరైనా "తప్పు మనదే, సరిచేయవచ్చు" అని రాయలేదు. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు, ఆ 9లో ఒక సంతకం నాది.

నేనెందుకు రాయలేదో కూడా చెప్పాలి కదా. అంతకు రెండేళ్ళ ముందు మా సెక్షన్లోనే ఒకాయన సరిగ్గా ఇలాంటి సవరణే రికార్డు చూసి తన స్థాయిలో చేసేశాడు. చేసింది సరైనదే. అయినా "ఎవర్ని అడిగి చేశావ్" అని హాలు మధ్యలో నిలబెట్టి, అటెండర్లూ విద్యార్థులూ వింటుండగా, అరగంట సేపు అడిగారు. తర్వాత షోకాజ్ మెమో. అతను జవాబిచ్చాడు. చర్య ఏమీ తీసుకోలేదు, మెమోను ఉపసంహరించనూ లేదు. అది ఇప్పటికీ అతని సర్వీసు ఫైల్లోనే ఉంది. ఆ రోజు హాల్లో ఉన్న ఇరవై మందిమీ ఒక పాఠం నేర్చుకున్నాం: నిర్ణయం తీసుకోనివాడికి ఏమీ కాదు. ఇది మాకు ఏ శిక్షణ తరగతిలోనూ చెప్పలేదు, కానీ ఇంత బాగా ఒంటబట్టిన పాఠం ఇంకొకటి లేదు.

ఆ విద్యార్థినికి పైచదువుకు సీటు వచ్చింది. పత్రాలు పంపాల్సిన గడువు 30వ రోజుతో అయిపోయింది. వాళ్ళ నాన్న రోజూ వచ్చి కారిడార్లో బల్ల మీద కూర్చునేవాడు, ప్లాస్టిక్ ఫోల్డర్ ఒళ్ళో పెట్టుకుని. గడువు దాటిన పదకొండో రోజున పట్టా చేతికిచ్చాను. అతను దాన్ని ఫోల్డర్లో పెట్టుకుని, "థాంక్స్ సార్" అని వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది.

ఇక వాతావరణం అంటే ఏమిటో. మేం అడుగుతున్నది ఏసీలు, కొత్త కుర్చీలు అని మీ పేషీలో ఎవరో అన్నారట. వాతావరణం అంటే, ఇక్కడ పని ఎలా జరుగుతుంది, ఏం చేస్తే మెచ్చుకుంటారు, ఏం చేస్తే దెబ్బ పడుతుంది అని అక్కడ పనిచేసేవాళ్ళ మనసుల్లో ఉండే లెక్క. 1968లోనే లిట్విన్, స్ట్రింగర్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు దీన్ని ప్రయోగం చేసి చూపించారు. మూడు నమూనా కంపెనీలు పెట్టి, మూడింటికీ మూడు రకాల అధికారుల్ని ఇచ్చారు. ఒకరు అంతా రూల్సు, అజమాయిషీ. ఒకరు అందరితో స్నేహం. ఒకరు లక్ష్యం స్పష్టంగా చెప్పి, పని వదిలేసి, బాగా చేసినవాళ్ళను గుర్తించేవారు. కొద్ది రోజుల్లోనే మూడు చోట్లా మూడు వేరువేరు వాతావరణాలు ఏర్పడ్డాయి. ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఏమిటంటే, స్నేహంగా ఉన్న కంపెనీలో మనుషులు సంతోషంగా ఉన్నారు కానీ పనిలో ముందున్నది మూడో కంపెనీ. అంటే మేం మీ నుంచి కోరేది చిరునవ్వులు కూడా కాదండీ. మమ్మల్ని ముద్దు చేయమని అడగడం లేదు. ఏం చేయాలో స్పష్టంగా చెప్పండి, చేసే అధికారం ఇవ్వండి, చేసినప్పుడు గుర్తించండి. అంతే.

వాతావరణం చెడితే ఆఫీసులో ఏం జరుగుతుందో, అది చివరికి ఎవరి మీద పడుతుందో, నేను చూసినవి ఇవి.

1. నిర్ణయాలన్నీ పైకి పాకుతాయి. కింద తేలాల్సిన పని మీ బల్ల మీదకు వస్తుంది. "చిన్నచిన్న ఫైళ్ళు కూడా నా దగ్గరికే వస్తున్నాయి, మీరెందుకు ఉన్నట్టు" అని మీరు విసుక్కుంటారు. ఆ విసుగు చూసి మేం ఇంకాస్త భయపడతాం, ఇంకో నాలుగు ఫైళ్ళు పైకి పంపుతాం. పని ఒత్తిడి ఒక్కటే మనిషిని కుంగదీయదని, ఒత్తిడి ఎక్కువగా ఉండి తన పని మీద తనకు పట్టు లేకపోవడమే అసలు ప్రమాదమని కారాసెక్ అనే పరిశోధకుడు 1979లో చెప్పాడు. దీనికి బలమైన సాక్ష్యం మనలాంటి ఆఫీసు ఉద్యోగుల నుంచే వచ్చింది. లండన్‌లో 1985లో మొదలైన రెండో వైట్‌హాల్ అధ్యయనంలో 10,308 మంది ప్రభుత్వోద్యోగులను ఏళ్ళ తరబడి గమనించారు. తమ పని మీద తమకు నియంత్రణ తక్కువని చెప్పినవాళ్ళకు గుండెజబ్బు ముప్పు ఎక్కువగా కనిపించింది. బల్లల ముందు కూర్చునేవాళ్ళే అందరూ. బరువులు మోసేవాళ్ళు కారు.

2. తప్పులు దాక్కుంటాయి. మాకు తెలిసిన అన్నిటికంటే ఖరీదైన సంగతి ఇదే. ఒక సెమిస్టర్ ఫలితాలకు ముందు జరిగిన సమావేశంలో పరీక్షల విభాగం ఉద్యోగి ఒకరు, ప్రాక్టికల్ మార్కుల ఫైలులో ఒక కాలేజీ వరసలు జారినట్టున్నాయి, ఇంకోరోజు ఇస్తే సరిచూస్తానని అన్నాడు. "నీకు ప్రతిసారీ ఏదో ఒక డౌటే" అని నవ్వారు. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. నేనూ కొంచెం నవ్వాను, నిజం చెప్పాలంటే. ఫలితాలు అనుకున్న రోజే వచ్చాయి. ఒకరి మార్కులు ఇంకొకరికి పడ్డాయి. ఆ తర్వాత సరిచేయడానికి మూడు వారాలు, ఆ మూడు వారాలూ ఫెయిలయ్యామనుకున్న పిల్లలు కౌంటరు దగ్గర ఏడ్చిన ఏడుపు వేరు. ఆ ఉద్యోగి ఇప్పుడూ అక్కడే ఉన్నాడు. సమావేశాల్లో నోరు విప్పడు.

ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రుల్లో నర్సుల బృందాలను పరిశీలించి 1996లో ప్రచురించిన ఫలితం మీరంతా చదవదగ్గది. మంచి నాయకత్వం ఉన్న బృందాల్లో మందుల పొరపాట్లు తక్కువ ఉంటాయనుకుంటే, ఎక్కువగా నమోదయ్యాయి. లోతుగా చూస్తే తేలింది ఏమిటంటే, అక్కడ తప్పు జరిగితే చెప్పడానికి భయం లేదు, అందుకే లెక్కలోకి వచ్చాయి. భయం ఉన్నచోట తప్పులు కాగితం మీదకు రావు, రోగి ఒంటి మీదకు వస్తాయి. మా విషయంలో మార్కుల జాబితా మీదకు వస్తాయి. కాబట్టి మీ యూనివర్సిటీలో ఏ సెక్షన్ నుంచైనా ఏడాదంతా ఒక్క పొరపాటు కూడా మీ దృష్టికి రాలేదంటే సంబరపడకండి. ఒకసారి వెళ్ళి చూడండి.

3. అవమానం పని నేర్పదు. ఉన్న పనిని కూడా మరిపిస్తుంది. నలుగురిలో తిట్టించుకున్న మనిషి ఆ రోజంతా ఏ పనీ సరిగ్గా చేయలేడని ఇంట్లో ఎవరినడిగినా చెబుతారు, కానీ ఇంటి మాట ఆఫీసులో చెల్లదు కాబట్టి పరిశోధన చెబుతాను. 2007లో పొరాత్, ఎరెజ్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రచురించిన ప్రయోగాల్లో, మొరటుగా మాట్లాడించుకున్నవాళ్ళు ఇచ్చిన పనిలోనూ వెనకబడ్డారు, పక్కవాళ్ళకు సాయం చేయడంలోనూ వెనకబడ్డారు. తర్వాత చేసిన ప్రయోగాల్లో, ఆ అవమానాన్ని ఊరికే చూసినవాళ్ళ పనీ దెబ్బతింది. మరి మా హాల్లో అరగంట నిలబెట్టింది ఒక్కరినా, ఇరవై మందినా? ఇంకోమాట. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, పేషీలో తిన్న తిట్టు కౌంటరు దగ్గరికి వచ్చేసరికి విద్యార్థి మీద పడుతుంది. "రేపు రా పో" అన్న గొంతు వెనక పొద్దున పదిగంటలకు ఏం జరిగిందో ఆ పిల్లవాడికి తెలియదు. మా ప్రవర్తనకు ఇది సాకు కాదు. కారణం మాత్రం ఇదే.

4. ఇద్దరు యజమానుల కింద పని. ఇది యూనివర్సిటీకే ప్రత్యేకమైన తలనొప్పి. యూనివర్సిటీ లాంటి సంస్థల్లో రెండు నిచ్చెనలు పక్కపక్కనే ఉంటాయని, సంస్థల నిర్మాణం మీద పరిశోధించిన మింట్జ్‌బర్గ్ 1979లోనే రాశాడు. అధ్యాపకులది కింది నుంచి పైకి, తమలో తాము చర్చించుకుని నడిచే ప్రజాస్వామ్యం. ఆఫీసు సిబ్బందిది పై నుంచి కిందికి ఆదేశాలతో నడిచే యంత్రం. ఈ రెండూ కలిసే చోట కూర్చునేది మేం. డీన్ గారు ఫోన్ చేసి ఫలానా విద్యార్థికి ఫీజు గడువు పెంచమంటారు. ఫైనాన్స్ ఆఫీసరు గారు ఒక్క రోజు కూడా పెంచడానికి వీల్లేదంటారు. ఇద్దరివీ నోటిమాటలే. ఆడిట్ వచ్చినప్పుడు ఇద్దరికీ గుర్తుండదు, సంతకం నాది కాబట్టి అభ్యంతరం నా పేరు మీద వస్తుంది. మింగలేం, కక్కలేం. పదవీకాలం అయిపోగానే డీన్ గారు క్లాసుకు వెళ్ళిపోతారు. కొత్తవారు వచ్చి "ఇదంతా ఎవరు చేశారు" అని అడుగుతారు. దానికి తోడు ఇన్‌చార్జి పోస్టులు. ఒక మనిషి రెండు, మూడు కుర్చీలకు ఇన్‌చార్జిగా ఉంటే, ఏ కుర్చీలోనూ కొత్త నిర్ణయం తీసుకోడు. రేపో మాపో అసలు మనిషి వస్తాడని చూస్తూ ఉంటాడు. ఫైళ్ళు కూడా అలాగే చూస్తూ ఉంటాయి.

5. రాత్రిపూట మెసేజీలు. దీని గురించి ఎక్కువ రాయను, మీ ఫోన్లలోనే సాక్ష్యం ఉంది. రాత్రి పదకొండుకు గ్రూపులో "అర్జెంట్" అని పెట్టిన సమాచారం మర్నాడు మధ్యాహ్నం దాకా ఎవరూ తెరవరు. కానీ నీలం టిక్కు పడిందా లేదా అని మాత్రం చూస్తారు. ఫ్రాన్స్‌లో 2017 జనవరి 1 నుంచి, ఆస్ట్రేలియాలో 2024 నుంచి పని గంటలు అయ్యాక ఆఫీసు ఫోన్లకూ మెసేజీలకూ దూరంగా ఉండే హక్కును చట్టమే గుర్తించింది. ఆ దేశాల్లో యూనివర్సిటీలేమీ మూతపడలేదు.

6. చేయగలిగినవాళ్ళు వెళ్ళిపోతారు, ఉండేవాళ్ళు మాట్లాడటం మానేస్తారు. సంస్థ పాడవుతున్నప్పుడు మనిషి ముందు రెండు దారులు ఉంటాయని, ఒకటి బయటికి నడవడం, రెండోది గొంతెత్తడం అని ఆల్బర్ట్ హిర్ష్‌మన్ అనే ఆర్థికవేత్త 1970లో రాశాడు. మా దగ్గర బాగా చదువుకున్న కుర్రవాళ్ళు మొదటి దారి పట్టారు. రెండో దారి పట్టిన 17 మంది సంగతి పైన చెప్పాను. మూడో రకం ఒకటి ఉంది, ఆయన లెక్కలోకి వచ్చిందో లేదో గానీ మా ఆఫీసులో బోలెడంతమంది: కుర్చీలో ఉంటారు, హాజరు వేస్తారు, మనసు మాత్రం ఎప్పుడో రాజీనామా ఇచ్చేసింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన వ్యాధుల వర్గీకరణ పదకొండో కూర్పులో బర్నౌట్‌ను వ్యాధిగా కాకుండా, పనికి సంబంధించిన పరిణామంగా చేర్చింది. దాని నిర్వచనం చూడండి: సరిగ్గా సంభాళించని దీర్ఘకాలిక పని ఒత్తిడి వల్ల వచ్చేది. లక్షణాలు మూడు. శక్తి ఇంకిపోవడం, పని అంటే విరక్తి, పనిచేసే సామర్థ్యం తగ్గడం. మీరు మా వార్షిక నివేదికల్లో "ఆసక్తి లేదు, చురుకుదనం లేదు" అని రాసేవి అవే. కుంగుబాటు, ఆందోళనల వల్ల ఏటా ప్రపంచంలో 1,200 కోట్ల పనిదినాలు పోతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి చెప్పాయి. పని ప్రదేశంలో వేధింపులను అరికట్టడానికి కార్మిక సంస్థ 2019లో చేసిన 190వ ఒప్పందం, శారీరక హింసతో పాటు మానసిక హానిని కూడా స్పష్టంగా లెక్కలోకి తీసుకుంది. నలుగురిలో నిలబెట్టి కడిగేయడం "పాలనా దక్షత" కిందికి వచ్చే రోజులు పోయాయి.

మీ వైపు మాట కూడా నాకు తెలుసు. "భయం లేకపోతే ఎవడు పనిచేస్తాడయ్యా" అని ఒక పెద్దాయన నాతోనే అన్నారు. దీని మీద 1939లోనే లెవిన్, లిపిట్, వైట్ అనే ముగ్గురు పరిశోధకులు, పదేళ్ళ వయసు పిల్లల బృందాలతో ఒక పరిశీలన చేశారు. గట్టిగా అదుపు చేసే నాయకుడు ఉన్నంతసేపు పిల్లలు పనిచేశారు. ఆయన గది దాటగానే పని పడిపోయింది. అందరినీ కలుపుకుని నిర్ణయించే నాయకుడు బయటికి వెళ్ళినా అక్కడి పిల్లలు పని కొనసాగించారు. మీరు రోజంతా ప్రతి సెక్షన్లోనూ నిలబడలేరు. మీరు లేని గంటల్లోనే మా పనిలో ఎక్కువ భాగం జరగాలి.

ఇంకో మాట కూడా దాచను. మాలో సోమరులున్నారు. ఫైలు తొక్కిపట్టి చేయి చాపేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ మీద చర్య తీసుకోండి, నేను సాక్ష్యం ఇస్తాను. కానీ గమనించారా, భయం పెరిగిన ఆఫీసులో బాగా బతికేది వాళ్ళే. నిజాయితీగా నిర్ణయం తీసుకుని దొరికిపోయేవాడికి మెమో, ఏమీ చేయకుండా సమయం చూసి నమస్కారం పెట్టేవాడికి మంచి పేరు.

కాబట్టి మేం కోరుతున్నవి ఇవి. వీటిలో చాలావాటికి పైసా ఖర్చు లేదు.

1. ఏ పని ఏ బల్ల దగ్గర ముగియాలో రాతపూర్వకంగా ఆదేశం ఇవ్వండి. మన రికార్డులో ఆధారం ఉన్న పేరు సవరణ, డూప్లికేట్ మార్కుల జాబితా, బోనఫైడ్ సర్టిఫికెట్, మైగ్రేషన్ ఇవి సెక్షన్ స్థాయి దాటి పైకి రాకూడదు. వస్తే ఎందుకు పంపారని అడగండి. ఇప్పటిదాకా ఎందుకు చేశావని మాత్రమే అడిగారు.

2. మంచి ఉద్దేశంతో, రికార్డు ప్రకారం తీసుకున్న నిర్ణయంలో పొరపాటు దొరికితే ముందుగా మెమో ఇవ్వకండి. పొరపాట్ల రిజిస్టరు ఒకటి పెట్టండి. తన తప్పు తానే అందులో రాసినవాడి మీద, లంచమో మోసమో ఉంటే తప్ప, క్రమశిక్షణ చర్య ఉండదని రాసివ్వండి. చర్య లేకుండా ఏళ్ళ తరబడి మిగిలిపోయిన పాత మెమోలను మూడు నెలల్లో పరిష్కరించి సర్వీసు ఫైళ్ళ నుంచి తొలగించండి.

3. ఎంత పెద్దవారైనా ఎంత చిన్న ఉద్యోగినైనా నలుగురిలో దూషించకూడదని ప్రవర్తనా నియమంగా చేర్చండి. ఫిర్యాదు వినే కమిటీలో సంబంధిత అధికారి కింద పనిచేసేవాళ్ళు ఉండకూడదు. సంస్థ బయటివాళ్ళు ఒకరైనా ఉండాలి. ఈ నియమం డీన్లకూ పాలకమండలి సభ్యులకూ కూడా వర్తించాలి, లేకపోతే దాని వల్ల ఉపయోగం లేదు.

4. నోటిమాట ఆదేశం ఇస్తే మర్నాటికి రాతలో ఇవ్వాలి. ఇవ్వకపోతే "ఫలానా తేదీన ఫోనులో చెప్పారు" అని నోట్ షీటు మీద రాసుకునే హక్కు మాకు ఉండాలి, అలా రాసినందుకు కక్ష కట్టకూడదు. మేం అడిగినవాటిలో మీకు అన్నిటికంటే ఇబ్బంది కలిగించేది ఇదేనని తెలుసు.

5. ఒక అధికారికి ఒకటి మించి ఇన్‌చార్జి బాధ్యత వద్దు. ఆ ఒక్కటి కూడా ఆరు నెలలు దాటకూడదు. ఈలోగా పోస్టు నింపండి.

6. ఆఫీసు వేళలు అయ్యాక పంపిన మెసేజీకి మర్నాడు జవాబిస్తే చాలని సర్క్యులర్ ఇవ్వండి. పరీక్షల రోజులు, ఫలితాల ముందురోజులు, నిజమైన అత్యవసరాలు మినహాయింపు. వాటికి మేం ఎప్పుడూ వెనకాడలేదు, పరీక్షల విభాగంలో రాత్రుళ్ళు గడిపిన మనుషులం.

7. ఏడాదికోసారి పేర్లు లేకుండా సిబ్బంది అభిప్రాయ సేకరణ జరిపించండి, బయటి సంస్థ చేత. సెక్షన్ల వారీగా ఫలితాలు బయటపెట్టండి. దాని పక్కనే ఆ సెక్షన్లో ఒక సాధారణ దరఖాస్తు తేలడానికి ఎన్ని రోజులు పడుతోందో కూడా వేయండి. రెండు కాలమ్‌లు పక్కపక్కన ఉంటే మేం ఇంత పెద్ద ఉత్తరం రాయాల్సిన పని ఉండదు. ఆ లెక్క మాకు వ్యతిరేకంగా వచ్చినా ఒప్పుకుంటాం.

అధ్యాపకులకు ఒక్క మాట. మీ సమావేశాల్లో "ఆఫీసువాళ్ళు" అన్న పదం ఎలా పలుకుతారో మాకు వినబడుతుంది. మీ ప్రాజెక్టు బిల్లు ఆగినప్పుడు మీకు వచ్చే కోపం న్యాయమైనదే. అది ఏ బల్ల దగ్గర ఆగిందో అడిగేటప్పుడు, ఎందుకు ఆగిందో కూడా ఒకసారి అడగండి.

విద్యార్థులకు, వాళ్ళ తల్లిదండ్రులకు: మీ దరఖాస్తు ఇన్‌వర్డ్ నంబరు తీసుకోకుండా కౌంటరు వదలకండి. ఆలస్యమైతే రాతలో అడగండి. అడిగే హక్కు మీకుంది, మాకు కోపం వచ్చినా సరే.

మా మొదటి వినతిపత్రం ఇన్‌వర్డ్ రిజిస్టరులో ఇంకా ఉంది. దాన్ని రాబోయే పాలకమండలి సమావేశం అజెండాలో ఒక అంశంగా పెట్టండి. ఆ రోజు మాలో ఇద్దరిని పిలిచి, కూర్చోబెట్టి, పది నిమిషాలు వినండి. కుదరదంటే కుదరదని, ఎందుకు కుదరదో కారణంతో సహా, 30 రోజుల్లో రాతలో ఇవ్వండి. ఆ 30 రోజులు అయ్యాక ఈ లేఖను, మీ జవాబును, జవాబు రాకపోతే రాలేదన్న సంగతిని, విద్యార్థి సంఘాలకూ అధ్యాపక సంఘాలకూ మేమే అందజేస్తాం. ఈసారి సంతకాలు 17 కావు, 43. వెనక్కి తీసుకున్న ఆవిడ మళ్ళీ పెట్టారు.

ఇట్లు
ఒక అసిస్టెంట్ రిజిస్ట్రార్
సంతకం చేసిన సహోద్యోగుల తరఫున